ఎండే అన్నం: చంద్రపూర్ అడవి నుంచి శక్తి వింతలు, విశేషాలు

కాజీపేటలో ఢిల్లీ రైలెక్కితే రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక తగిలే మహారాష్ట్ర జిల్లా చంద్రపూర్. పాతతరం తెలుగువాళ్లు దీన్ని చాందా అంటారు. ఇందులోని రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. చైత్రమాసంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు తెలంగాణ పల్లెల నుంచి జనం ఇప్పటికీ తరలివెళతారు.

ఈ ఊరికి ఎండ పెట్టింది పేరు. మే నెలలో 47, 48 డిగ్రీల వేడి ఇక్కడివారు ఎరిగినదే. ఊరికి ఉత్తరాన తాడోబా పులుల అడవి, చుట్టూ బొగ్గు గనులు, పక్కనే మహారాష్ట్రలోని అతి పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఒకటి. జీవి శక్తిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది, ఎలా దాచుకుంటుంది, దేనికి ఖర్చుపెడుతుంది అనే మూడు ప్రశ్నలకు ఇంత దగ్గర దగ్గరగా జవాబులు దొరికే చోటు అరుదు. ఆ జవాబుల్లో రికార్డులకెక్కినవీ, ఎక్కదగినవీ కొన్ని ఇవి.

ఎంతో ఎక్కువ, ఎంతో నిదానం

పొలంలో పంట మీద పడే ఎండలో నూటికి ఒకటి రెండు వంతులే ఆహారంగా మారుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని చక్కెర తయారీకి అందించే పని ‘రుబిస్కో’ అనే ఎంజైముది. ఎన్నో ఎంజైములు సెకనుకు వందల, వేల చర్యలు జరిపిస్తే, మొక్కల్లోని రుబిస్కో సెకనుకు జరిపించేది కొద్ది చర్యలే. ఆ నిదానాన్ని పూడ్చుకోవడానికి ఆకు దాన్ని రాశులుగా తయారుచేసుకుంటుంది. అందుకే భూమి మీద అతి ఎక్కువగా ఉండే ప్రొటీన్లలో రుబిస్కో మొదటి వరుసలో నిలుస్తుంది.

దీనికి ఇంకో లోపం ఉంది. కార్బన్ డయాక్సైడ్‌కు బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఈ తప్పు పెరిగి మొక్క కష్టం వృథా అవుతుంది. జొన్న, మొక్కజొన్న, చెరకు దీనికి విరుగుడు కనిపెట్టుకున్నాయి. అవి కార్బన్ డయాక్సైడ్‌ను ముందుగానే పోగుచేసి, ఆకు లోపలి ప్రత్యేక కణాల్లో ఉన్న రుబిస్కోకు చిక్కగా అందిస్తాయి. ఈ మార్గాన్ని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. చంద్రపూర్‌లాంటి మండే చోట జొన్న తట్టుకుని నిలబడటంలో ఈ ఏర్పాటుది పెద్ద వాటా. వరికి ఆ వెసులుబాటు లేదు. దానికి నీళ్లు పుష్కలంగా కావాలి.

మూడు కంకుల నుంచి మన కంచం దాకా

చంద్రపూర్ జిల్లా తూర్పు భాగం వరి సీమ. అక్కడి నాగ్‌భీడ్ తాలూకాలో నాందేడ్ అనే పల్లె ఉంది. మరాఠ్వాడాలోని పెద్ద ఊరు నాందేడ్ వేరు. ఈ పల్లెలో మూడో తరగతి దాకా చదివిన చిన్న రైతు దాదాజీ రామాజీ ఖోబ్రగడే 1983లో తన మడిలో మిగతావాటికి భిన్నంగా ఉన్న మూడు వరి కంకుల్ని గమనించాడు. వాటిని విడిగా దాచి, మళ్లీ నాటి, ఏళ్ల తరబడి ఏరి ఏరి సన్నగింజ రకాన్ని నిలబెట్టాడు. అప్పట్లో జనం మోజుపడిన చేతిగడియారం పేరే దానికి స్థిరపడింది: హెచ్‌ఎంటీ. తెలంగాణ, ఆంధ్ర కిరాణా దుకాణాల్లో బస్తాల మీద కనిపించే హెచ్‌ఎంటీ బియ్యం పుట్టిల్లు ఈ పల్లే. దాదాజీ 2018లో కన్నుమూశారు.

బియ్యపు గింజలోని పిండి మన కోసం తయారైంది కాదు. మొలకకు సొంత ఆకు వచ్చి ఎండను పట్టుకునే దాకా బతకడానికి తల్లి మొక్క కట్టి ఇచ్చిన శక్తి అది. భూమ్మీద సగం మంది మనుషులు ఆ మొలకకు దక్కాల్సినదాన్ని అన్నంగా తిని బతుకుతున్నారు.

రోజుకు రెండు మూరలు

మొక్కల్లో అతి వేగంగా పెరిగేది వెదురు. కొన్ని రకాలు ఒక్క రోజులో 91 సెంటీమీటర్ల వరకు, అంటే నిండా రెండు మూరలు పెరిగినట్టు గిన్నిస్ రికార్డు ఉంది. చంద్రపూర్ అడవిలో తొలకరి పడ్డాక వెదురు పొద దగ్గర నిలబడి చూడండి. నేలను చీల్చుకుని వచ్చే పిలకకు ఒక్క ఆకు ఉండదు, మొదలంతా గోధుమరంగు పొరలతో చుట్టి ఉంటుంది. ఆకే లేనిది ఇంత వేగం ఎలా? ఆ శక్తి అంతా నేలలోని దుంపలో, పాత బొంగుల్లో ముందటి ఏళ్లలో దాచినది. పిలక పుట్టేటప్పుడే తన లావంతా ఉంటుంది. ఆ తర్వాత పొడవు మాత్రమే సాగుతుంది, అదీ ఒక్క వానాకాలంలోనే.

ఇక్కడ ఎక్కువగా ఉండే వెదురు రకం ఇరవై నుంచి అరవై ఏళ్ల మధ్య ఎప్పుడో ఒకసారి మూకుమ్మడిగా పూస్తుంది. దాచుకున్నదంతా విత్తనాల మీద ఖర్చుపెట్టి పొదలకు పొదలు ఎండిపోతాయి. ఎలుకలూ పక్షులూ ఎన్ని తిన్నా మిగిలేటన్ని గింజలు ఒక్కసారే రాల్చడం ఈ పద్ధతిలోని లాభం. బల్లార్‌పూర్ కాగితపు మిల్లుకు పేరు తెచ్చింది ఈ వెదురే. చంద్రపూర్ పక్కన చిచ్‌పల్లిలో దీనికోసమే పరిశోధన, శిక్షణ కేంద్రం నడుస్తోంది.

ఆకు రాల్చి తేనె పండించే చెట్టు

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు ఆకులన్నీ రాల్చేసి పూతకు వస్తుంది. తెల్లవారుజామున చెట్టు కింద చూస్తే లేత పసుపు రంగు కండగల పూలు నేలంతా పరచుకుని ఉంటాయి. వేలితో నొక్కితే రసం జిగటగా అంటుతుంది. ఎండబెట్టిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. ఆకుల్లేని కాలంలో ఇంత తీపి ఇవ్వగలగడానికి కారణం, వానాకాలంలో కాండంలో, వేళ్లలో దాచిన పిండి పదార్థం.

అడవిలో తిండి కరువైన నెలల్లో దుప్పులకు, ఎలుగులకు ఇదే ఆధారం. గోండు, కోలాం కుటుంబాలకు తిండీ ఇదే, నాలుగు డబ్బులూ ఇవే. కాని పూలు రాలే వేళ, వన్యమృగాలు తిరిగే వేళ ఒకటే. ఈ జిల్లాలో ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు కోయడానికి వెళ్లి పులి బారిన పడినవారున్నారు. ఒకే శక్తి కోసం మనిషీ మృగమూ ఒకే చెట్టు కిందికి రావడం ఇక్కడి జీవితంలోని బరువైన నిజం.

ఒంటి వేడి ఉన్న పువ్వు

చెరువులో తామరను చూసి మురిసేవారికి దాని అసలు గొప్ప తెలిసింది 1996లో. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పువ్వు లోపలి ఉష్ణోగ్రతను కొలిచారు. బయట గాలి 10 డిగ్రీలకు పడిపోయినా విచ్చుకునే తామర లోపల 30 నుంచి 36 డిగ్రీల మధ్యే ఉంది. చలి పెరిగితే పువ్వు శ్వాసక్రియ వేగం పెంచి చక్కెరను ఎక్కువగా ఖర్చుచేస్తుంది, ఎండెక్కితే తగ్గిస్తుంది. అంటే ఇది ఊరికే వెచ్చబడే పువ్వు కాదు, వేడిని అదుపులో పెట్టుకునే పువ్వు. ఇలా చేయగల మొక్కలు చాలా కొద్ది. లోపలికి వచ్చే పురుగులకు ఆ వెచ్చదనం హాయి, మొక్కకు పరాగసంపర్కం లాభం.

ఇదే తామర ఆదా చేయడంలోనూ ఘనురాలు. ఈశాన్య చైనాలో ఒకనాటి చెరువు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ల నాటి తామర గింజ మొలకెత్తినట్టు 1995లో ప్రకటించారు. ఇన్ని శతాబ్దాలు ప్రాణాన్ని నిలుపుకోవాలంటే గింజ తన శక్తి వాడకాన్ని దాదాపు శూన్యానికి తెచ్చుకోవాలి. దీన్ని మించినది ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన ఖర్జూరపు గింజ. సుమారు 2000 ఏళ్ల తర్వాత, 2005లో అది మొలిచింది.

రెప్పపాటులో వందో వంతు

మధ్యభారతం చెరువుల్లో, వరిమళ్లలో యుట్రిక్యులేరియా అనే చిన్న నీటిమొక్కలు పెరుగుతాయి. వీటి కొమ్మలకు ఆవగింజంత తిత్తులు ఉంటాయి. తిత్తి లోపలి నీటిని మొక్క శక్తి ఖర్చుపెట్టి బయటికి తోడేస్తుంది. గోడలు లోపలికి వంగి బిగువెక్కుతాయి. నీటిపురుగు వచ్చి మూత దగ్గరి వెంట్రుకను తాకిందంటే మూత తెరుచుకుని, నీటితోపాటు పురుగు లోపలికి పోతుంది. దీనికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ. మొక్కల ఉచ్చుల్లో అతి వేగవంతమైనవి ఇవి.

పురుగును తినే మొక్క అంటే శక్తి కోసం తింటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి శక్తినిచ్చేది ఎండే. పేద నీటిలో దొరకని నత్రజని, భాస్వరం కోసమే ఈ వేట.

ఇందుకు పూర్తిగా తిరగబడినది బంగారుతీగ. కొన్నిచోట్ల దీన్ని సీతమ్మ పోగునూలు అంటారు. కంచెల మీద పసుపుదారాలు చిక్కుపడినట్టు అల్లుకునే దీనికి ఆకుల్లేవు, ఎదిగాక నేలలో వేరూ ఉండదు. ఎండను వదిలేసి పక్క మొక్క రసం మీదే బతుకుతుంది. గింజ మొలిచాక కొద్ది రోజుల్లో ఆసరా దొరక్కపోతే చావే. ఈ జాతి మొలక టమాటా మొక్క వాసనను పసిగట్టి అటే పెరుగుతుందని 2006లో అమెరికాలో నిరూపించారు.

మనకు అరగనిదాన్ని అరిగించేవాళ్లు

జీవులు తయారుచేసే పదార్థాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది సెల్యులోజ్: గడ్డి, ఆకు, కట్టె, వెదురు, పత్తి. అందులో శక్తి దండిగా ఉన్నా జంతువుల్లో అత్యధిక భాగం దాన్ని సొంతంగా విడగొట్టుకోలేవు. తాడోబాలో తిరిగే అడవిదున్న ప్రపంచంలోని అడవి పశుజాతుల్లో అతి పెద్దది. మగది టన్ను బరువు దాకా తూగుతుంది. ఆ ఒళ్లంతా గడ్డీ ఆకుల నుంచే. దాని పొట్టలోని కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి ఇస్తేనే దానికి శక్తి. అది పడుకుని నెమరువేస్తున్నదంటే వాటికి తిండి సిద్ధం చేస్తున్నట్టే.

పుట్టల్లోని చెదలు ఇంకో దారి పట్టాయి. అవి నమిలిన ఆకు, కట్టె పొడితో పుట్ట లోపల మెత్తని గూళ్లు కట్టి, వాటి మీద బూజును సాగుచేస్తాయి. ఆ బూజు కట్టెను మెత్తబరిస్తే దాన్ని తింటాయి. తొలి వానలకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఈ సాగులో వచ్చేవే. వీటి జాతికే చెంది, ఆఫ్రికాలోని జాంబియాలో పెరిగే ఒక పుట్టగొడుగు మీటరు వెడల్పు వరకు విచ్చుకుంటుంది. తినదగిన పుట్టగొడుగుల్లో అదే అతి పెద్దది.

ఈ చెదల మీద బతకడానికి ఎలుగుబంటి తన నోటినే మార్చుకుంది. దాని పై దవడ ముందు పళ్లలో నడిమి రెండూ ఉండవు. పుట్టను గోళ్లతో తవ్వి, ముక్కురంధ్రాలు మూసుకుని, మట్టిని ఊదేసి, పళ్ల సందులోంచి చెదల్ని పీల్చేస్తుంది. ఆ పీల్చే చప్పుడు అడవిలో వంద మీటర్లకు పైగా వినిపిస్తుంది.

ఒక పులికి ఐదువందల ప్రాణులు

తాడోబా 1955లో జాతీయ ఉద్యానవనం అయింది. మహారాష్ట్రలో అదే మొదటిది. ఇక్కడి పులిని చూసేందుకు దేశదేశాల నుంచి వస్తారు. కాని పులిని నిలబెట్టేది దుప్పి, దుప్పిని నిలబెట్టేది గడ్డి. కర్ణాటక అడవుల్లో దశాబ్దాలు పులుల మీద పరిశోధన చేసిన ఉల్లాస్ కారంత్ లెక్క ప్రకారం ఒక పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువుల్ని చంపుతుంది. ఆ చావుల్ని పూడ్చుకునేలా మంద పుంజుకుంటూ ఉండాలంటే ఆ పులి తిరిగే చోట దాదాపు 500 దుప్పులు, కణితులు, పందుల వంటివి ఉండాలి.

ఈ లెక్కకు మూలసూత్రం చెప్పినవాడు అమెరికా శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్. మిన్నెసోటాలోని ఒక చిన్న చెరువును ఏళ్లపాటు శోధించి, శక్తి ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరేటప్పుడు కొద్ది భాగమే మిగులుతుందని చూపాడు. సగటున పదో వంతు అని ఇప్పుడు పుస్తకాల్లో చదువుకుంటాం. మిగిలినదంతా నడవడానికి, ఊపిరికి, ఒంటి వేడికి ఖర్చయిపోతుంది. ఆ వ్యాసం 1942లో అచ్చయ్యేనాటికి లిండెమన్ లేడు, 26 ఏళ్లకే పోయాడు. గడ్డి, దుప్పి, పులి తర్వాత పులిని వేటాడి బతికే జంతువు ఎందుకు లేదో ఈ సూత్రమే చెబుతుంది. అక్కడిదాకా వచ్చేసరికి ఇంకో మెట్టును పోషించేంత శక్తి మిగలదు.

ఒక భోజనం, నెలల విరామం

తాడోబా చెరువు గట్టున ఎండ కాగుతూ పడుకునే మొసళ్లు సోమరులు కావు. ఒంటిని వేడిగా ఉంచుకునే పని సూర్యుడికి అప్పగించడం వల్ల, అంతే బరువున్న క్షీరదం ఖర్చుచేసే శక్తిలో పదో వంతుతో అవి గడిపేయగలవు. నెలల తరబడి తిండి లేకున్నా బతుకుతాయి.

కొండచిలువ ఈ పొదుపును ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఉపవాస కాలంలో పేగును, కాలేయాన్ని, గుండెను చిన్నవి చేసుకుంటుంది. వేట దొరికిన మరుక్షణం అన్నీ పెరుగుతాయి. మన కొండచిలువకు దగ్గరి బంధువైన బర్మా కొండచిలువలో, మింగిన రెండు రోజుల్లోనే గుండె బరువు 40 శాతం పెరిగినట్టు 2005లో చూపారు. పెద్ద భోజనం తర్వాత శక్తి వాడకం 40 రెట్ల వరకు పెరుగుతుంది. పరుగు పందెపు గుర్రం శరీరంలో కనిపించేంత పెరుగుదల ఇది, అదీ కదలకుండా పడుకుని. అదే ఆడ కొండచిలువ గుడ్లు పెట్టినప్పుడు చుట్టచుట్టుకుని, కండరాల్ని వణికిస్తూ వేడి పుట్టించి పొదుగుతుంది. చల్లని రక్తం గల జీవి బిడ్డల కోసం వేడిని కొని తెచ్చుకోవడం ఇక్కడ చూస్తాం.

నిమిషానికి 1500, నిమిషానికి 2

మన ఇళ్లలో గోడ వెంట కీచుమంటూ పరుగెత్తే చుంచుకు అదే ప్రజాతిలో ఒక బుల్లి చుట్టం ఉంది, ఎట్రుస్కన్ చుంచు. మధ్యధరా తీరం నుంచి మన దేశం దాకా దీని ఉనికి ఉంది. బరువు సగటున 1.8 గ్రాములు. బరువు లెక్కన క్షీరదాల్లో అతి చిన్నది. దాని గుండె నిమిషానికి 1500 సార్ల వరకు కొట్టుకుంటుంది. రోజుకు తన బరువుకు ఒకటిన్నర రెండు రెట్ల తిండి కావాలి. కొన్ని గంటలు పస్తుంటే ప్రాణానికే ముప్పు. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం పెరిగి, వేడి త్వరగా జారిపోవడం దీనికి ఒక కారణం.

రెండో కొసన నీలి తిమింగిలం ఉంది. 2019లో కాలిఫోర్నియా తీరాన ఒకదానికి పరికరం అతికించి గుండె చప్పుడు కొలిచారు. లోతుకు మునిగినప్పుడు నిమిషానికి రెండుసార్లే కొట్టుకుంది. పైకి తేలాక 37కు చేరింది. ఉత్తర పసిఫిక్‌లో అది వేటాడే రోజుల్లో రోజుకు తినే క్రిల్ అనే రొయ్యలాంటి జీవులు సుమారు 16 టన్నులని 2021 పరిశోధన తేల్చింది. తిండి కొండంత కనిపించినా కిలో బరువుకు లెక్కేస్తే చుంచు ముందు తిమింగిలం అల్పాహారి. జంతువు బరువు పెరిగినంతగా శక్తి అవసరం పెరగదని మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త 1932లోనే సూత్రం కట్టాడు.

మూడో వంతు గ్రాముతో సముద్రం మీద

వానలు వెనుదిరిగే రోజుల్లో పొలాల మీద గుంపులుగా ఎగిరే పసుపురంగు తూనీగలు మనందరం ఎరిగినవే. ఒక్కోదాని బరువు గ్రాములో మూడో వంతు. ఇవి అక్టోబరు, నవంబరుల్లో భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వెళతాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒంట్లోని కొవ్వుతో, మధ్యమధ్య రెక్కలాడించకుండా గాలిలో తేలుతూ ఇవి దాదాపు 90 గంటలు ఎగరగలవని 2021లో స్వీడన్ పరిశోధకులు లెక్కకట్టారు. అనుకూల గాలి వీస్తే అది సరిపోతుంది.

మధ్యలో దిగకుండా సాగిన పక్షుల వలసల్లో దూరం రికార్డు గాడ్‌విట్ జాతిది. 2022 అక్టోబరులో అయిదు నెలల వయసున్న ఒక పిల్ల అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు ఆగకుండా, తినకుండా, తాగకుండా ఎగిరింది. బయలుదేరే ముందు ఈ పక్షులు కొవ్వు బాగా పట్టించుకుని, దారిలో అక్కరలేని పేగును, కాలేయాన్ని కుదించుకుంటాయి.

అన్ని ప్రాణులకూ ఒకటే నాణెం, దాన్ని చూపినవారిలో భీమవరం బిడ్డ

తూనీగ రెక్క, పులి పంజా, చుంచు గుండె అన్నీ నడిచేది ఒకే అణువుతో. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, వాడుకలో ఏటీపీ. తిన్నది నేరుగా పనికి రాదు. ముందు ఏటీపీగా మారాలి, అప్పుడే కణం ఖర్చుపెట్టగలదు. బాక్టీరియా నుంచి ఏనుగు దాకా చెల్లే నాణెం ఇదొక్కటే.

దీన్ని కండరంలో కనుగొన్నవారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో తరతరాల జీవరసాయన విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు. ఆ కొలత చేతికి రావడంతోనే దారి తెరుచుకుంది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. అప్పటిదాకా కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లం తయారీ అని నమ్మేవారు. 1922 నోబెల్ బహుమతి పొందిన పరిశోధన ఆ బాటలోనే సాగింది. సుబ్బారావు కొలతలు ఆ నమ్మకాన్ని మార్చేశాయి. ఫోలిక్ ఆమ్లం తయారీకి, బోదకాలు మందుకు కూడా దారి వేసిన ఆయన 1948లో అమెరికాలోనే కన్నుమూశారు.

ఏటీపీ లెక్కలు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండేది కొద్ది పదుల గ్రాములే. కాని అదే అణువు విరిగి, మళ్లీ అతుక్కుని, మళ్లీ విరిగి, ఒక్క రోజులో తిరిగే మొత్తం దాదాపు మన శరీరం బరువంత. అతికించే పని కణంలోని అతి చిన్న యంత్రానిది. అది నిజంగానే గిర్రున తిరుగుతుంది, సెకనుకు వంద చుట్లకు పైగా. ఆ పనితీరును వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997 రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. ఊపిరి ఆగాక శరీరం ఎందుకు బిగుసుకుపోతుంది? బిగిసిన కండరాన్ని వదులు చేయడానికీ ఏటీపీ కావాలి కనుక. చనిపోయాక అది తయారుకాదు.

కిలోకు లెక్కేస్తే సూర్యుడికంటే మిన్న

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 90 వాట్ల వేడిని వదులుతుంది. అందులో అయిదో వంతు ఖర్చు మెదడుదే, బరువులో అది వందకు రెండు వంతులే అయినా. ఇప్పుడు సూర్యుడిని తూచి చూద్దాం. సూర్యుడి మొత్తం శక్తిని మొత్తం బరువుతో భాగిస్తే కిలోకు వచ్చేది వాటులో అయిదు వేలవ వంతు. మనిషికి కిలోకు వాటుకు పైగా. అంటే కిలోకు కిలో పోలిస్తే మనం సూర్యుడికన్నా వేల రెట్లు ఎక్కువ శక్తిని వదులుతున్నాం. సూర్యుడి గొప్పంతా దాని పరిమాణంలో, దీర్ఘాయుష్షులో ఉంది.

2011 జనాభా లెక్కల్లో చంద్రపూర్ జిల్లా జనం సుమారు 22 లక్షలు. వారందరూ కదలకుండా కూర్చున్నా వెలువడే వేడి 200 మెగావాట్ల దరిదాపు. చంద్రపూర్ థర్మల్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,920 మెగావాట్లు. జిల్లా జనమంతా బతకడానికి వాడే శక్తికి దాదాపు పదిహేను రెట్లను ఆ ఒక్క కేంద్రం కరెంటుగా తీయగలదు.

సూర్యుడితో పనిలేనివాళ్లు

ఎండ సోకని జీవులు కూడా ఉన్నాయి. 1977లో గలపాగస్ దీవుల దగ్గర సముద్రం అడుగున వేడినీటి బుగ్గల చుట్టూ నోరూ పేగూ లేని పొడుగాటి పురుగులు కనిపించాయి. బుగ్గల్లోని గంధక రసాయనాల నుంచి శక్తిని తీసే బాక్టీరియా వాటి ఒంట్లో కాపురముండి తిండి పెడుతుంది. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున దొరికిన ఒక బాక్టీరియా యురేనియం కిరణాలు నీటిని విడగొడితే వచ్చే హైడ్రోజన్ మీద బతుకుతోంది.

ఇక పొదుపులో వీటికి సాటి లేదు: దక్షిణ పసిఫిక్ అడుగు మట్టిలో 10 కోట్ల ఏళ్లుగా కూరుకుపోయిన సూక్ష్మజీవులకు ప్రయోగశాలలో తిండి పెడితే లేచి సంతానాన్ని వృద్ధి చేశాయని 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

అతి పాత నిల్వ, అతి వేగంగా ఖర్చు

చివరిది బొగ్గు. వార్ధా లోయలో చంద్రపూర్, బల్లార్‌పూర్ గనుల్లోనూ, ప్రాణహిత, గోదావరి వెంట సింగరేణి గనుల్లోనూ తవ్వేది ఒకే కాలపు బొగ్గు. 1871లో ఇల్లందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించిన పొరలూ ఈ కాలానివే. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి చిత్తడి అడవుల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్లు రాల్చిన ఆకులు, కట్టె కుళ్లకుండా పూడిపోయి బొగ్గయ్యాయి. నాలుక ఆకారపు ఆ ఆకుల ముద్రలు బొగ్గు పక్కనున్న రాతిలో ఈనెలతో సహా కనిపిస్తాయి. దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ 1912లో ప్రాణాలు విడిచిన స్కాట్ బృందం చివరిదాకా వదలని 16 కిలోల రాళ్లలో ఉన్నవీ ఈ ఆకుల ముద్రలే. ఒకప్పుడు అంటార్కిటికాతో మన నేల అంటుకుని ఉండేదనడానికి అవి సాక్ష్యమయ్యాయి.

ఇలా పూడిపోయిన పాత ఎండ ఎంత ఖరీదైనదో జెఫ్రీ డ్యూక్స్ అనే శాస్త్రవేత్త 2003లో పెట్రోలు విషయంలో లెక్కగట్టాడు. ఒక్క లీటరు పెట్రోలు వెనుక సుమారు 23 టన్నుల ప్రాచీన వృక్షపదార్థం ఉంది. కోట్ల ఏళ్లలో కూడిన నిల్వను మనం రెండు మూడు వందల ఏళ్లలో ఊదేస్తున్నాం.

పైన చెప్పుకున్న జీవుల్లో ఏ ఒక్కటీ రాబడికి మించి ఖర్చుపెట్టి నిలవలేదు. వెదురు ఏళ్ల తరబడి దాచి పూసింది, పులి పదింట ఒకటే తీసుకుంది, కొండచిలువ గుండెనే కుదించుకుంది. ఇంత పొదుపు అడవి కింద బొగ్గు ఉందని అడవినే తీసేయడం అంటే, ఏటేటా వచ్చే రాబడిని వదులుకుని ఒక్కసారి ఖర్చయ్యే నిల్వ కోసం చేయి చాచడం. తాడోబా చేరువలోని లోహారా బొగ్గు గనుల ప్రతిపాదనను 2009లో చంద్రపూర్ ప్రజలు గట్టిగా ఎదిరించారు, అది ముందుకు సాగలేదు. వారు కాపాడింది తమ అడవినే కాదు. ఈ జిల్లా వాననీరు వార్ధా, వైన్‌గంగల ద్వారా ప్రాణహితలో కలిసి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరి, భీమవరం దాకా వరిమళ్లను తడుపుతుంది. చాందా అడవిలో ఎండను పట్టే ప్రతి ఆకూ మన అన్నానికీ కావలసినదే. దాన్ని నిలబెట్టమని అడిగే హక్కూ, నిలబెట్టే బాధ్యతా తెలుగువాళ్లకు కూడా ఉన్నాయి.